ఆటలు, అభిమానులు, ఒక విలేఖరి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ రజతోత్సవమున ప్రసంగింపవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరినపుడు, గ్రంథాలయోద్యమమును గూర్చి నాలుగు మాటలు చెప్పుదునా యని అడిగితిని. "అది చెప్పుటకు పెద్దలు ముగ్గురు వచ్చుచున్నారు. మీరు నలువది ఏండ్లు పత్రికకు ఆటల వార్తలు వ్రాసినవారు. ఆ సంగతులు చెప్పుడు. మన పఠనమందిరమునకు వచ్చువారు పత్రికను చివరి పుటనుండియే చదువుదురు" అనిరి. నిన్న సాయంకాలము వచ్చి ఒక మూల కూర్చుండి చూచితిని. ఆయన చెప్పినది నిజమే. ఒక్క పత్రికను నలుగురు పంచుకొనునపుడు మొదట చేయి మారునది ఆటల పుట. సంపాదకీయమున్న పుట మాత్రము మడత నలుగక బల్లమీదనే యుండెను. దానిని వ్రాసినవారు నిన్న ఇచ్చట లేకపోవుట మంచిదైనది.

నేను పేరుపొందిన విలేఖరిని కాను. దేశాంతరములకు పోయి పెద్ద పోటీలు చూచి వ్రాసినవాడను కాను. హైదరాబాదులో నల్లకుంటయందు కాపురముండి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోను, తార్నాక, లాలాగూడ ప్రాంతములలోను జరుగు కళాశాలల పోటీలు, రైల్వేవారి పోటీలు చూచి, సైకిలుమీద కార్యాలయమునకు పోయి వార్త యిచ్చి వచ్చిన స్థానిక విలేఖరిని. మొదటి ఎనిమిదేండ్లు నాకు జీతము లేదు. పత్రికలవారు దానిని లైను అకౌంటు అందురు. అచ్చయిన వార్తను కొలిచి, ఇంత పొడవునకు ఇంత యని నెలాఖరున ఇచ్చెడివారు. అందుచేత గోలులు ఎక్కువగా పడిన ఆటయన్న నాకు సహజముగనే ప్రీతి.

ఆటను గూర్చి నాకంటె బాగుగ ఎరిగినవారు మీలో నుందురు. నేను చెప్పగలిగినది ఆట చూచువారిని గూర్చి. "మనవాడు" అను మాట అభిమాని నోట ఎప్పుడు వచ్చును, ఎప్పుడు వెనుకకు పోవును అనునది నేను మైదానపు అంచున నిలిచి చిరకాలము చూచిన విషయము. ఆ అభిమానులలో నేనును ఒకడనే. అది ముందుగనే ఒప్పుకొనుట మంచిది.

1962 సెప్టెంబరులో నాకు పదునారేండ్లు. ఈ గ్రామమున నాడు గ్రంథాలయము లేదు. పంచాయతి అరుగుమీద ఒక రేడియో ఉండెను. జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మన ఫుట్‌బాల్ జట్టు దక్షిణ కొరియాను రెండు గోలులకు ఒకటిగా ఓడించి స్వర్ణపతకము గెలిచినదని వార్తలలో చెప్పిరి. అరుగుమీద కూర్చున్నవారిలో ఫుట్‌బాల్ ఆట చూచినవాడు ఒక్కడును లేడు. ఆ జట్టు శిక్షకుడు హైదరాబాదు వాస్తవ్యుడు, రహీం అను ఉపాధ్యాయుడు అని పోస్టుమాను చెప్పెను. వెంటనే ఒక ముసలాయన, "అట్లయిన మనవాడే" యని తలపాగ సవరించుకొనెను. ఆయన హైదరాబాదు ఎన్నడును చూడలేదు. ఆ క్షణమున ఆయన ముఖమున కనబడిన తృప్తిని నేనింతవరకు మరువలేదు. నేను ఆటల విలేఖరినగుటకు అదియే కారణమని చెప్పిన అతిశయోక్తి యగునేమో గాని, మరునాటి బస్సులో పత్రిక వచ్చువరకు నేను రోడ్డుమీదనే నిలిచియుంటిని.

మరుసటి సంవత్సరము జూన్ నెలలో పై చదువునకు నగరమునకు పోయి, నల్లకుంటలో ఒక గది అద్దెకు తీసికొంటిని. ఆ నెల 11వ తేదీననే సయ్యద్ అబ్దుల్ రహీంగారు క్యాన్సరు వ్యాధితో మరణించిరి. ఆయనను చూచు భాగ్యము నాకు కలుగలేదు. చూచినవారు మాత్రము నల్లకుంట నిండ నుండిరి. అప్పటి నల్లకుంట ఇప్పటివలె ఇరుకైనది కాదు. కోరంటి దవాఖానను దాటి, విద్యానగర్, అడిక్‌మెట్ మీదుగ నడిచిపోయినచో విశ్వవిద్యాలయ ఆవరణము చేరవచ్చును. దూరమునుండియే ఆర్ట్స్ కళాశాల గులాబివన్నె రాతికట్టడము కనబడెడిది. సాయంకాలమైనచో ఆటస్థలములచుట్టు విద్యార్థులు, పల్లీలమ్మువారు, రైల్వే పనివారు, పనిలేనివారు గుమిగూడెడివారు. రహీంగారు ఆ విశ్వవిద్యాలయమున చదివినవారే. కాచిగూడలోని పాఠశాలలో పిల్లలకు పాఠములు చెప్పినవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగ అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మన దేశము నాలుగవ స్థానమునకు చేరినది. ఆటగాండ్రు బలములేని పాదముతోనే బంతిని తన్నవలెనను నియమముతో ఆయన పోటీలు నడిపించెడివారని పెద్దలు చెప్పగా వింటిని. ఇది ఉపాధ్యాయునికి మాత్రమే తోచదగిన ఆలోచన.

నల్లకుంటలో మేము కూర్చుండు ఇరానీ హోటలున్నది. క్రికెట్ పోటీలు జరుగు దినములలో యజమాని రేడియో పెట్టి, ఒక నల్లబల్లపై సుద్దతో స్కోరు వ్రాయించెడివాడు. ఒక చాయ్ తెప్పించుకొని ఇద్దరు పంచుకొనుచు మూడు గంటలు కూర్చున్నను ఏమియు అనెడివాడు కాడు. అచ్చటనే జకార్తా కథ పూర్తిగ వింటిని. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానీయకపోవుటను మన దేశపు క్రీడాధికారి సోంధీగారు ఆక్షేపించిరట. అందుచేత ఆ నగరవాసులకు మనవారిపై ఆగ్రహము కలిగినది. అంతిమ పోటీనాడు లక్షమంది ప్రేక్షకులు మన జట్టు బంతిని తాకినపుడెల్ల ఎగతాళి కేకలు వేసిరి. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన జర్నయిల్ సింగును రహీంగారు రక్షణస్థానమునుండి తీసి ముందు వరుసలో ఆడించిరి. ఆయన ఒక గోలు, ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోలు చేసిరి. ఆ లక్షమంది కేకల నడుమ మనవారిని ప్రోత్సహించుచు ఒక చిన్న గుంపు చప్పట్లు కొట్టినదని ఆనాటి ఆటగాండ్రు తరువాత పలుమార్లు చెప్పిరి. ఆ గుంపు పాకిస్తాన్ హాకీ జట్టు. ఆ క్రీడలలోనే హాకీ అంతిమ పోటీలో మనలను ఓడించినవారు వారే.

ఈ కథ చెప్పుచున్నపుడు హోటలులో అందరును "శభాష్" అనిరి. ఒక్కడు మాత్రము ఊరకుండెను. ఆయన ఒక ప్రభుత్వ కార్యాలయములో టైపిస్టు. కొన్నాళ్లకు ఆయనయే నాకు మరొక సంగతి చెప్పెను. అది మన హైదరాబాదు ఆటగాడు అబ్బాస్ అలీ బేగ్‌గారిని గూర్చినది.

బేగ్‌గారు 1959లో మాంచెస్టరు నగరమున తమ మొదటి టెస్టులోనే శతకము చేసిరి. అప్పటికి వారికి ఇరువదేండ్లు. 1960 జనవరిలో బొంబాయి బ్రబోర్న్ మైదానమున ఆస్ట్రేలియాతో ఆడుచు అర్ధశతకము పూర్తిచేసినపుడు, ఒక యువతి ప్రేక్షకులలోనుండి పరుగెత్తి వచ్చి చెక్కిలిమీద ముద్దుపెట్టుకొనెను. దేశమంతట ఆ ఛాయాచిత్రమును గూర్చియే మాట. ఆ సంవత్సరాంతముననే పాకిస్తాన్ జట్టు మన దేశమునకు వచ్చినది. మూడు టెస్టులలో బేగ్‌గారు రాణింపలేకపోయిరి. ఆటగానికి అట్టి దినములు రాకుండునా? కాని వారికి ఉత్తరములు రాజొచ్చినవి. తన మతమువారి జట్టు కనుక కావలెననియే ఓడినాడని ఆ ఉత్తరముల సారాంశము. వారిని జట్టునుండి తొలగించిరి. మరల టెస్టు ఆడుటకు ఆరేండ్లు పట్టినది.

టైపిస్టుగారు చెప్పినది ఇది: "నేను ఉత్తరమైతే రాయలే. కాని ఈ టేబుల్ కాడ్నే కూసోని ఆ మాట అన్న. ముద్దు పెట్టినప్పుడు మన హైదరాబాద్ పిల్లగాడన్న. ఏడాది తిరగలే, ఆ మాట అన్న."

ఆయన ముఖము చూచి నేనేమియు అనలేకపోతిని. అప్పటికి నేనింకను విలేఖరిని కాలేదు. నేనైన అట్లు అనకపోదునని గట్టిగ నమ్ముచుంటిని.

నడుమ ఒక తేలికమాట చెప్పనిండు. ఆ దినములలో నల్లకుంట యువకులకు ఆరాధ్యదైవము జయసింహగారు. మెడచుట్టు రుమాలు, పైకెత్తిన కాలరు, తీరికగ నడచు నడక. 1968లో బ్రిస్బేన్ టెస్టునకు అత్యవసరముగ పిలిపింపగ, విమానము దిగిన కొలది దినములకే బరిలో దిగి 74, 101 పరుగులు చేసిన ఘనుడు. మా వీధి దర్జీవద్దకు పోయి, కాలరు కూలబడకుండ నిలువవలెనని పట్టుబట్టువారి సంఖ్య ఆ సంవత్సరము విపరీతముగ పెరిగినది. నేనును ఒక చొక్కా కుట్టించుకొంటిని. నా కాలరు నిలువలేదు. దోషము దర్జీది కాదు, మెడదే యని ఇప్పుడు తోచుచున్నది.

1968లోనే పత్రికలో చేరితిని. మరుసటి యేడు అక్టోబరులో న్యూజీలాండ్ జట్టు టెస్టు ఆడుటకు మన నగరమునకు వచ్చినది. లాల్ బహదూర్ స్టేడియములో సీనియరు విలేఖరికి సహాయకునిగ, స్కోరు అంకెలు అందించుటకు నేను పోతిని. మనవారు కుప్పగూలుచుండిరి. తొమ్మిది వికెట్లు పోయిన తరువాత వెంకటరాఘవన్, బేడీ యిద్దరును నిలిచి స్కోరును 89 వరకు లాగుకొని వచ్చిరి. ఆ సంతోషము పట్టలేక ఒక కుర్రవాడు కంచె దాటి వారిని అభినందించుటకు పరుగెత్తెను. బందోబస్తువారు వానిని కొట్టిరి. ముఖమున రక్తము. అది చూచిన ప్రేక్షకులు రెచ్చిపోగ, మైదానము అల్లకల్లోలమైనది. తెలంగాణ ఆందోళన జరుగుచున్న సంవత్సరమది. నగరము అప్పటికే అట్టుడుకుచుండెను. ఆ టెస్టు చివరకు వర్షమువలన డ్రాగ ముగిసినది. ఆ రాత్రి నేను పంపిన అంకెలన్నియు సరిగ నున్నవని సీనియరు మెచ్చుకొనెను. ఆ కుర్రవాని పేరేమి, ఎచ్చటివాడు అని విచారింపవలెనని నాకు తోచనైన తోచలేదు. అభిమాని పేరు వార్త కాదని నేననుకొంటిని.

ఇక నా విషయము.

1974 డిసెంబరులో విశ్వవిద్యాలయ మైదానమున కళాశాలల ఫుట్‌బాల్ అంతిమ పోటీ జరిగినది. ఒకవైపు నేను చదివిన కళాశాల. రెండవవైపు జిల్లానుండి వచ్చిన ఒక కళాశాల. మా జట్టు గోల్‌కీపరు ఆ జిల్లావాడే. హాస్టలులో నుండి చదువుకొనుచుండెను. రెండు జట్లును సమానముగ నుండగ, ఇక అయిదు నిమిషములు మిగిలినవనగ, దూరమునుండి నెమ్మదిగ వచ్చిన బంతి ఆతని చేతులలో పడి, జారి, గోలులోనికి పోయినది. మా జట్టు ఓడెను. "అమ్ముకున్నడు, అమ్ముకున్నడు" అని కేకలు లేచినవి. "వాళ్ల జిల్లా టీము గద, ఎట్ల పడ్తడు" అని ఎవరో అనిరి. తార్నాకనుండి కార్యాలయమువరకు సైకిలు తొక్కినంతసేపును నా చెవులలో ఆ కేకలే. పోయి వ్రాసితిని. వార్త చివర ఒక వాక్యము చేర్చితిని: తన జిల్లా జట్టు కొట్టిన సులభమైన బంతిని గోల్‌కీపరు వదలివేయుట ప్రేక్షకులలో పలు అనుమానములకు తావిచ్చినది.

ఆ వాక్యములో అబద్ధము లేదు. ప్రేక్షకులు అనుమానించినమాట వాస్తవమే. కాని ఆ ప్రేక్షకులలో గీతకు ఆనుకొని నిలిచి అరచినవారిలో నేనొకడను. ఆ సంగతి వార్తలో లేదు.

మూడవనాడు ఉదయము ఆ కుర్రవాడు పత్రిక చేత పట్టుకొని నల్లకుంటలో నా గదికి వచ్చెను. కుడిచేతి రెండు వ్రేళ్లకు వెదురుబద్దలతో కట్టు కట్టియుండెను. మొదటి సగములోనే గోలుకంబమునకు తగిలి వ్రేళ్లు విరిగినవట. మరొక గోల్‌కీపరు లేడు గనుక ఎవ్వరికిని చెప్పక ఆడెను. కూర్చుండుమంటిని, కూర్చుండలేదు. చాయ్ తెప్పింతునంటిని, వలదనెను. కోపముగ నొక్కమాటయు అనలేదు.

"అన్నా, మా ఊరి లైబ్రరీకి గూడ ఈ పేపరొస్తది. మా నాయనకు చదువు రాదు. పొద్దుమూకి అరుగుమీద ఎవరన్న చదువుతుంటె ఇంటడు. నా ఆట గురించి వస్తదని నేనే చెప్పి పెట్టిన."

అంతమాత్రము చెప్పి పోయెను.

ఆ మధ్యాహ్నమే సవరణ వ్రాసి కార్యాలయమునకు తీసికొనిపోతిని. "నీవు వ్రాసినది ప్రేక్షకుల అనుమానమే గదా, సవరణ యెందులకు" అని బల్లవద్దనున్నవారు అడిగిరి. బతిమాలితిని. వారము దినముల తరువాత, లోపలి పుటలో, వేరుశనగ, కందుల ధరల క్రింద మూడు పంక్తులు వచ్చినవి. ఆ మూడు పంక్తులకును నెలాఖరున నాకు డబ్బు లెక్కగట్టి యిచ్చిరి.

ఆ పుటను ఆ గ్రామపు అరుగుమీద ఎవరైన చదివి వినిపించిరో లేదో నాకు తెలియదు. మరుసటి సంవత్సరము పోటీలలో ఆ కుర్రవాడు కనబడలేదు. ఆతనిది ఏ గ్రామమని నేను అడుగలేదు. అడుగవలసిన మొదటి ప్రశ్న అదియే గదా! అటుపిమ్మట నేనొక అలవాటు చేసికొంటిని. ఎవనిదైన తప్పు వ్రాయవలసి వచ్చినపుడు మొదట ఆ ఆటగానివద్దకు పోయి, ఏమి జరిగినదని అడుగుట. దీనివలన వార్త ఆలస్యమై కార్యాలయములో పలుమార్లు చీవాట్లు తింటిని. మైదానమున కేకలు వేయుట గూడ మానుకొంటిని. దానికి మాత్రము మిక్కిలి కష్టపడితిని.

2000 సంవత్సరము డిసెంబరులో అజహరుద్దీన్‌గారిపై క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధము విధించినది. మొదటి మూడు టెస్టులలోను మూడు శతకములు చేసిన ఆయన చిత్రము మా వీధి క్షౌరశాలలో పదునైదేండ్లుగ గోడమీద నుండెను. వచ్చినవారందరు దానిని తీసివేయుమని చెప్పుచుండిరి. చింపివేయుదుమని కొందరు బెదిరించిరి. యజమాని కత్తెర ఆపకయే, "కోర్టు చెప్పనీ సార్. అప్పటిదాంక గోడ నాది" అనెడివాడు. ఆయనకు క్రికెట్ చట్టములు తెలియవు, న్యాయశాస్త్రము తెలియదు. నేను 1974లో ఎరుగనిదేదో ఆయన ఎరుగును. 2012 నవంబరులో హైకోర్టు ఆ నిషేధము చెల్లదని తీర్పు చెప్పినది. ఆ తీర్పు చెప్పుదమని పోయితిని గాని, అప్పటికే క్షౌరశాల పోయి ఫోనుల దుకాణము వచ్చియుండెను.

2016 ఆగస్టు 19వ తేదీ మీలో చాలమందికి జ్ఞాపకముండును. రియో ఒలింపిక్సులో పి. వి. సింధు అంతిమ పోటీ ఆడిన సాయంకాలమది. మా ప్రాంతమువారికి ఆమెపై ఒక హక్కున్నట్లు భావము. ఆమె చిన్ననాట తార్నాక దారిలోనున్న రైల్వే సిగ్నల్ ఇంజనీరింగు సంస్థ కోర్టులలో మహబూబ్ అలీగారివద్ద ఆటకు ఓనమాలు దిద్దినది. ఆమె తండ్రి రమణగారు 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యపతకము గెలిచిన వాలీబాల్ జట్టులోనివారు. ఆ సాయంకాలము మా యింటి హాలులో ఇరువదిమంది చేరిరి. బాణసంచా సిద్ధముగ నుండెను. మొదటి ఆట 21-19తో ఆమె గెలిచినపుడు నేను సైతము నా నియమము మరచి కేక వేసితిని.

విరామములో పొరుగింటి కుర్రవాడు తన ఫోనులో ఏదియో వెదకుచుండెను. "ఏందిరా వెదుకుతున్నవు" అంటిని. "ఏం లేదు తాతా" అని ఫోను బోర్లించెను. ఆ దినమున వేలాదిమంది దానినే వెదకిరని తరువాత పత్రికలు వ్రాసినవి: సింధు ఏ కులముది అని. అట్లు వెదకినవారిలో మన తెలుగు రాష్ట్రములవారే ముందుండిరట. కరోలినా మారిన్ తరువాతి రెండాటలు గెలిచినది. సింధుకు రజతము వచ్చినది. రెండు ప్రభుత్వములును మా బిడ్డయే యని పోటీపడి కోట్ల రూపాయలు ప్రకటించినవి. నాకు మాత్రము టైపిస్టుగారి ముఖము జ్ఞప్తికి వచ్చినది. ఆ కుర్రవానిని నేను మందలింపలేదు. మూడు పంక్తుల సవరణవాడను, నేనేమని మందలింతును? బాణసంచా మాత్రము కాల్చుదము రమ్మంటిని. కాల్చితిమి. ఓడినవారికి గూడ బాణసంచా కాల్చవచ్చునని వానికి ఆనాడే తెలిసినట్లున్నది.

నా యొద్దనున్న వార్తల కత్తిరింపులను పదునాలుగు అట్టపుస్తకములలో అతికించి ఈ గ్రంథాలయమునకు తెచ్చితిని. కార్యదర్శిగారు వానికి సంఖ్యలు వేయించి, ఆటల అలమరలో పెట్టించినారు. 1974 నాటిది నాలుగవ పుస్తకము. ఆ గోల్‌కీపరు వార్త అందులో నున్నది. దానికి ప్రక్కననే, అదే పుటలో, వారము తరువాత వచ్చిన మూడు పంక్తులను అతికించితిని. పత్రికలో ఆ రెండును ఎన్నడును ఒకచోట లేవు. చదువురాని పెద్దలకు ఎవరైన ఆ పుట చదివి వినిపించునపుడు రెండును చదువుడని నా మనవి.